కుళ్ళాయప్ప చేని బోరులో గొంతు

ఆ రోజు పొద్దున తిప్పేస్వామి పెట్టుకున్న పని చాలా చిన్నది. పాత ఫోనుకు తాడు కట్టి నీళ్ళు పడని బోరులోకి దించాలి. అది లోపల మాట్లాడుతుంటే పైన నిలబడి కొత్త ఫోనులో రికార్డు చేసుకోవాలి. ఎండ ముదరకముందే ఇంటికొచ్చి ఉప్మా చేసుకోవాలి. రవ్వ వేయించి, ఉల్లిపాయ తరిగి, మూత పెట్టి మరీ బయలుదేరాడు. ఇదేం పిచ్చి పని అని అడ్డం పడే మనిషి ఆ ఇంట్లో ఒక్కరున్నా ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

తిప్పేస్వామి రచయిత. దెయ్యాల కథలూ, అంతరిక్షం కథలూ రాస్తాడు. అన్నదమ్ములు బుక్కరాయసముద్రంలో బట్టల కొట్టు నడుపుకుంటుంటే, ఈయన అదే కొట్టు వెనక మూటల మీద కూర్చుని, వానకు మొహం వాచిన ఆ నేల మీద నుంచి శుక్రగ్రహంలో వరదల గురించి రాశాడు. వారపత్రికల్లో సీరియళ్ళు వచ్చాయి. పాకెట్ నవలలు అనంతపురం బస్టాండులో క్లిప్పులకు వేలాడాయి. లోపల కథ ఏదైనా అట్ట మీద మాత్రం పుర్రె ఉండేది. కుజగ్రహంలో తొలిప్రేమ గురించి రాసిన నవలకు కూడా పుర్రే వేశారు. దాని కింద ఎర్ర అక్షరాలతో 'ఒంటరిగా చదవకండి' అని హెచ్చరిక.

తర్వాత వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బస్టాండు కొట్టులో పుర్రెలు దిగిపోయి ఫోను కవర్లు ఎక్కాయి. చివరికి ఆయన కథలు వినడానికి మిగిలింది భార్య పద్మావతమ్మ ఒక్కతే. ఆమెకు దెయ్యాలు గిట్టవు, గ్రహాల్లో శని ఒక్కడే తెలుసు. అయినా సాయంత్రం పూట బియ్యం ఏరుకుంటూ ఆయన చదివిందల్లా విని ఊఁ కొట్టేది. ఆమె పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో రాసిన కథలన్నీ చదివి వినిపించడానికి మనిషి లేక బీరువాలో పడి ఉన్నాయి. జీవితమంతా భయం గురించి రాసిన మనిషికి, ఖాళీ ఇంట్లో సాయంత్రం ఆరు గంటలు ఇంత భయంగా ఉంటాయని ఇప్పుడే తెలిసింది. ఒక్కరంటే ఒక్కరు కూర్చుని తన కథ చివరిదాకా వింటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేవాడు.

తమ్ముడి కూతురు అర్చన జాలిపడి, కథలు చదివి యూట్యూబులో పెట్టడం నేర్పించింది. మొదటి కథ మోగిన సార్లలో సగం సార్లు విన్నది ఆయనే. కింద ఒకే ఒక అభిప్రాయం వచ్చింది: 'గొంతులో దమ్ము లేదు అంకుల్.' చాలా ఏళ్ళ తర్వాత వచ్చిన పాఠకుడి స్పందన కాబట్టి తిప్పేస్వామి దాన్ని చాలా సీరియస్‌గా తీసుకున్నాడు. దమ్ము తెప్పించడం ఎలా అని ఆలోచించాడు. భూమిలోంచి వస్తే ఏ గొంతుకైనా దమ్ము వస్తుందని తోచింది.

కొత్త కథకు అది సరిగ్గా సరిపోతుంది కూడా. పేరు 'అడుగున'. భూమిలో కూరుకుపోయిన ఒక నౌకలో ఒక్కడే మిగిలిన మనిషి, పైవాళ్ళు వింటారేమోనని పిలుస్తూ ఉంటాడు. గంటన్నర సేపు పిలుస్తాడు. ఇక బోర్లకు అనంతపురం జిల్లాలో కరువేముంది, నీళ్ళకు తప్ప. గుట్ట కింద కుళ్ళాయప్ప చేనులో వేసి వదిలేసిన బోరు ఒకటి ఉంది. దానికి మూత కూడా లేదు, పైన ఒక రాయి పెట్టి ఉంది. తిప్పేస్వామి రాయి పక్కకు జరిపి, ఫోనుకు చిన్న స్పీకరు జతచేసి, అందులో ముందే చదివి పెట్టుకున్న కథ మొదలుపెట్టి, బట్టలారేసే నైలాన్ తాడుతో కిందికి వదిలాడు. నైలాన్ ముడి నున్నగా జారిపోయింది. తాడు చేతిలో మిగిలింది. ఫోను మాత్రం లోపల ఎక్కడో ఇరుక్కుని, ఎంతో దమ్మున్న గొంతుతో కథ చెప్పుకుంటూ పోయింది.

చేసేదేమీ లేక, బావిలో పడ్డ బిందెలు తీసే కొక్కేల గాలం ఒకటి ఇంట్లో ఉందని గుర్తొచ్చి స్కూటరెక్కాడు. రాయి తిరిగి బోరు మీద పెట్టడం మర్చిపోయాడు.

ఆయన అటు పోగానే గొర్రెలు తోలుకుంటూ కదిరమ్మ ఇటు వచ్చింది. బోరులోంచి "పైన ఎవరైనా ఉన్నారా? నా మాట వినపడుతోందా?" అని మగగొంతు.

కదిరమ్మ జడుసుకుంది గానీ పారిపోలేదు. "వినపడతాంది నాయనా. యాడుండావు?" అని అడిగింది.

"నేను చాలా లోతులో ఉన్నాను. ఎన్నాళ్ళయిందో తెలియదు."

అంతే. ఆమె కేకకు రోడ్డు పని చేసేవాళ్ళు వచ్చారు, వాళ్ళను చూసి షేరాటో ఆగింది, ఆటోను చూసి వెనక బస్సూ ఆగింది.

తిప్పేస్వామి గాలం పట్టుకుని తిరిగొచ్చేసరికి బోరు చుట్టూ జాతర. అక్కడ అందరినీ వేధిస్తున్న ప్రశ్న ఒకటే. ఆ బోరులో బిందె కూడా పట్టదు, మనిషి ఎలా పట్టాడు? జవాబు కూడా వాళ్ళే కనిపెట్టారు.

"పైనుంచి పడినోడు కాదప్పా. గుట్ట కాడ్నుంచి సొరంగం తవ్వుకోని వచ్చినాడు. మన్ను కూలిపోయి ఇరుక్కున్యాడు."

ఆ గుట్టల్లో పాలెగాళ్ళు దాచిన నిధులున్నాయనీ, చీకటి పడ్డాక వాటికోసం తవ్వేవాళ్ళున్నారనీ అక్కడ పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. తవ్వేవాడు ఎప్పుడూ పక్క ఊరివాడే.

"మాట చూడు, అచ్చం పేపరు చదివినట్ల మాట్లాడతాండాడు. మన సీమోడు కాదు."

"నిధులంటే యాడ్యాడ్నుంచో వస్తారులే."

ఇంతలో ఎవరో తిప్పేస్వామి చేతిలోని కొక్కేలు చూశారు. "దావ ఇడ్చండప్పా. బోర్లలో పడిన మోటార్లు తీసే ఆయప్ప వచ్చినాడు."

జనం విడిపోయి దారి ఇచ్చారు. తిప్పేస్వామి బోరు దగ్గరికి వచ్చి, "అయ్యా, అది..." అని మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడు కథలో ఆకాశం వర్ణన వచ్చింది. లోపలి మనిషి తాను చివరిసారి చూసిన ఆకాశాన్ని తలుచుకుంటాడు. తిప్పేస్వామి నాలుగు సార్లు కొట్టేసి రాసిన పేరా అది. చుట్టూ చూశాడు. ఒక్కరూ కదలడం లేదు. ఒకాయన చేతిలో బీడీ ఆరిపోయింది, ఆయనకు ఆ సంగతి తెలియదు. కదిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంతమంది తన వాక్యాన్ని ఇంత నిశ్శబ్దంగా వినడం తిప్పేస్వామి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఈ పేరా అయిపోగానే చెబుదాం అనుకున్నాడు. పేరా అయిపోయింది. తర్వాతి పేరా ఇంకా బాగుంటుంది, అది కూడా కానిద్దాం అనుకున్నాడు.

ఆ తప్పే ఆయన కొంప ముంచింది.

చేను యజమాని కుళ్ళాయప్ప సంతకు పోయి వస్తూ, తన చేనులో జనాన్ని చూసి పరిగెత్తుకొచ్చాడు. మూడు తడవలు బోరు వేయించి మూడు తడవలూ దుమ్ము మాత్రమే చూసిన మనిషి. ఈ ఏడు రెండు వానలు పడి శనక్కాయ చెట్లు పచ్చగా నిలబడ్డాయి. దాని మీదే ఆయన సంసారం ఆధారపడి ఉంది.

"ఎవుర్నడిగి తొక్కుతాండారప్పా? ఊడ దిగి కాయ పట్టే టైములో చేన్లో కాలు పెడతారా ఎవురన్నా? పదండి, పదండి బయటికి."

బోరు అంది: "నా చుట్టూ గోడలన్నీ పసుపుపచ్చని లోహం. ఎక్కడ తాకినా మెరుస్తోంది."

కుళ్ళాయప్ప కాలు కింద శనక్కాయ చెట్టు నలిగింది. ఆయన చూసుకోలేదు. "ఏమన్యాడు?"

"గోడలన్నీ బంగారమంట."

"లోహమన్నాడు" అన్నాడు తిప్పేస్వామి, రచయితగా ఉండబట్టలేక.

"పసుప్పచ్చగా మెరిసే లోహం ఇంకేముంటాదిలే. పాలెగాళ్ళు ఇత్తడి దాచిపెడతారా?" అని కుళ్ళాయప్ప బోరు మీదికి వంగి, గొంతులో ఎక్కడ లేని మర్యాద తెచ్చుకుని అడిగాడు. "అన్నా, ఎంతుంటాదన్నా?"

"లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను" అంది బోరు. కథలో ఆ మనిషి మానేసింది రోజుల లెక్క. ఆ సంగతి తిప్పేస్వామికి ఒక్కడికే తెలుసు.

కుళ్ళాయప్ప ఫోను తీశాడు. రోడ్డు పని దగ్గర జేసీబీ తోలే ఆంజి ఆయనకు మేనల్లుడు వరస. "ఆంజీ, ఉన్నఫళంగా బండి తోలుకోని రా. అడ్డమొస్తే గట్టు పగలగొట్టుకోని రా."

జేసీబీ కన్నా ముందు స్కూటీ మీద కానిస్టేబుల్ రేఖ వచ్చింది. చిన్న వయసు పిల్ల, పెద్ద లాఠీ. జనాన్ని వెనక్కి నెట్టి, బోరులోకి ఉద్యోగధర్మంగా అరిచింది. "నీ పేరేమి? ఏ ఊరు?"

"నా పేరు అడగకండి. పేరుపెట్టి పిలిచేవాళ్ళు పోయాక ఇక పేరెందుకు?"

ఆడవాళ్ళు నిట్టూర్చారు. పద్మావతమ్మ చనిపోయిన నెలలో తిప్పేస్వామి రాసుకున్న వాక్యం అది.

"పేరు చెప్పనంటాండాడంటే పాత కేసులుండేటోడే" అంది రేఖ.

ఇంతలో గట్టు విరిగిన చప్పుడు. జేసీబీ చేనులోకి దిగింది. దాని పెద్ద టైర్ల కింద పచ్చటి చెట్లు వరసగా నేలలో కలిసిపోయాయి. ఎంత తవ్వినా నిధి పుట్టదు కదా అనుకున్నాడు తిప్పేస్వామి. సాయంత్రానికి ఇక్కడ ఇల్లంత గొయ్యి ఉంటుంది, అందులో ఒక పాత ఫోను ఉంటుంది, గట్టు మీద తలపట్టుకున్న కుళ్ళాయప్ప ఉంటాడు. వినేవాళ్ళున్నారన్న సంబరంలో ఇంతసేపు నోరు మూసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆపండప్పా" అని బోరుకు అడ్డం నిలబడ్డాడు. "లోపల మనిషి లేడు. నిధీ లేదు. అది నా ఫోను. అది చెప్తాండేది నేను రాసిన కథ."

కుళ్ళాయప్ప నవ్వాడు గానీ అది మంచి నవ్వు కాదు. "గాలం పట్టుకోని వచ్చినప్పుడే అనుకుంటి. మమ్మల్నందర్నీ ఇండ్లకు పంపిచ్చి, నువ్వొకనివే మెల్లగ తీసుకుందామనా సామీ?"

రేఖ ముందుకొచ్చింది. "పెద్దాయనా, నువ్వేం పని చేస్తావు?"

"కథలు రాస్తానమ్మా."

"అది సరే. పనేమి చేస్తావు?"

ఈ ప్రశ్న ఆయనకు కొత్త కాదు. పెళ్ళిచూపుల దగ్గర్నుంచీ వింటున్నాడు. ఇక రుజువు చూపించక తప్పదని, "సరే, వినండి. ఇప్పుడు ఆయప్ప 'మీరు వెళ్ళిపోకండి, ఇంకాస్త సేపు ఉండండి' అంటాడు" అన్నాడు.

"మీరు వెళ్ళిపోకండి" అంది బోరు. "ఇంకాస్త సేపు ఉండండి."

జనం రెండడుగులు వెనక్కి వేశారు. తిప్పేస్వామి విజయగర్వంతో రేఖ వైపు చూశాడు. రేఖ లాఠీ చేయి మార్చుకుంది.

"ముందే మాట్లాడుకున్యారన్న మాట. ఇద్దరూ ఒక గుంపే. లోపలోడు తవ్వేటోడు, పైనోడు కావలుండేటోడు."

"కాదమ్మా. ఇంకొంచెం ఓపిక పడితే కథ అయిపోతాది. చివర్లో 'రచన, పఠనం: తిప్పేస్వామి' అని నా పేరు వస్తాది. అప్పుడన్నా నమ్ముతారా?"

"నీ పేరు ఆయప్ప నోట్లోనుంచే వచ్చిందంటే ఇంగ సాక్ష్యం గూడ అక్కర్లే" అంది రేఖ. "రానీ. ఆంజీ, బండి ఆపు. అందరూ వినండి."

అలా ఆ చేనులో, ముదిరిన ఎండలో, అంత జనమూ ఊపిరి బిగబట్టి తిప్పేస్వామి పేరు కోసం ఎదురుచూశారు. పుర్రెలు వేలాడిన కాలంలో కూడా ఆయన పేరు కోసం ఎవరూ ఎదురుచూడలేదు. కథ చివరికొచ్చింది. లోపలి మనిషి పైకి వచ్చే దారి కనిపెట్టాడు. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. పైన తలుపు మీద చెయ్యి వేశాడు. "తలుపు తెరిచాను. పైన..." అన్నాడు.

అక్కడ బ్యాటరీ అయిపోయింది.

గాలికి శనక్కాయ ఆకుల చప్పుడు మాత్రం వినిపించింది. కదిరమ్మ బోరు పక్కన కూలబడింది. "నాయనా. మాట్లాడు నాయనా" అని రెండు సార్లు పిలిచింది. "పాయె. ఊపిరి నిలిచిపాయె" అని ఏడవడం మొదలుపెట్టింది. ఎవరో తలగుడ్డ తీశారు.

కుళ్ళాయప్ప కళ్ళు కూడా తడిశాయి, అయితే ఆయన చూపు నేల మీదే ఉంది. "ఇంగ ఉండకూడదు. ఆంజీ, తవ్వు."

జేసీబీ చెయ్యి పైకి లేచింది. తిప్పేస్వామి కదిరమ్మను చూశాడు. ఊరూ పేరూ తెలియని మనిషి కోసం, అసలు లేని మనిషి కోసం, ఆమె ముక్కు చీదుకుంటూ ఏడుస్తోంది. రచయితగా ఆయనకు ఇంతకన్నా గొప్ప బహుమానం ఇక రాదు. ఆ బహుమానం మీద నిలబడి ఇంకొకడి చేను తవ్వించడం మాత్రం ఆయన వల్ల కాలేదు. పంచె నలుగుతుందని కూడా చూడకుండా నేల మీద బోర్లా పడుకుని, బోరు గొట్టంలో మొహం పెట్టి, ఆగిన చోటినుంచి అందుకున్నాడు.

"తలుపు తెరిచాను. పైన..."

అదే గొంతు. అదే గుయ్యిమనే చప్పుడు. కదిరమ్మ ఏడుపు ఆపేసింది. ఆంజి ఇంజను ఆపేశాడు.

రాసుకున్న ముగింపు ప్రకారం పైన ఎవరూ ఉండరు. భూమంతా ఖాళీ అయిపోయి ఉంటుంది, ఆ మనిషి అన్నాళ్ళూ పిలిచింది ఎవరినీ కాదు. తిప్పేస్వామి కథలన్నీ ఇలాగే ముగుస్తాయి, దాన్ని ఆయన తన ప్రత్యేకత అనుకునేవాడు. ఈ రోజు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మొహం కాస్త తిప్పితే పక్కన కదిరమ్మ పాదాలు కనబడ్డాయి, పగుళ్ళ నిండా ఎర్రమన్ను. ఆమెకు ఆ ముగింపు చెప్పడానికి మనసొప్పలేదు. "పైన మనుషులున్నారు. చాలామంది ఉన్నారు. ఒక చెయ్యి నా చెయ్యి పట్టుకుని పైకి లాగింది" అన్నాడు. తర్వాత, అలవాటు కొద్దీ, "రచన, పఠనం: తిప్పేస్వామి" అన్నాడు.

లేచి కూర్చునేసరికి మొహమంతా మన్ను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. బదులుగా తిట్లు మొదలయ్యాయి. బస్సు తప్పిపోయినవాళ్ళు తిట్టారు, కూలి పోయినవాళ్ళు తిట్టారు, ఏమీ పోనివాళ్ళు ఇంకా బాగా తిట్టారు. ఇకముందు బోర్లలో కథలు చెప్పనని రేఖ ఆయన చేత ఒట్టు వేయించుకుంది. కుళ్ళాయప్ప మాత్రం తిట్టలేదు. టైర్ల కింద పోయిన చెట్లను చూసుకుని, మిగిలిన చేను చూసుకుని, ఒకసారి బోరులోకి వంగి చూశాడు.

"నిజంగానే ఏమీ లేదా సామీ?"

"ఏమీ లేదప్పా. తప్పు నాది."

"ఈ బోర్లో ఏ పొద్దూ ఏమీ పడల్యా" అంటూ గట్టు సరిచేసుకునేందుకు పార తేవడానికి పోయాడు.

జనం ఎంత తొందరగా వచ్చారో అంతకన్నా తొందరగా పోయారు. తిప్పేస్వామి ఒక్కడే మిగిలి గాలం లోపలికి వదిలాడు. కొక్కేలకు ఏమీ తగల్లేదు. మళ్ళీ వదిలాడు. ఇందాక ఇక్కడ అంతమంది నిలబడి విన్నారన్నది తనకు తానే చెప్పుకున్న ఇంకో కథలాగా అనిపించింది. ఇంట్లో వేయించిన రవ్వ గుర్తొచ్చింది. ఆ ఇంట్లోకి పోయి, ఈ సంగతంతా ఎవరికీ చెప్పకుండా, ఒక్కడే తినాలి. లేవబుద్ధి కాక గాలం ఇంకోసారి వదిలాడు.

"ఆయప్ప పైకొచ్చినాక యాడికి పోయినాడు?"

తలెత్తి చూస్తే కదిరమ్మ. చెదిరిపోయిన గొర్రెలను కూడగట్టుకుని వచ్చింది.

"ఎవురమ్మా?"

"నీ కథలో మనిషి. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్యోడు గదా. ఎవురింటికి పోయినాడు? ఇంత కూడు ఎవురు పెట్టినారు?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న తిప్పేస్వామిని ఎవరూ అడగలేదు, ఆయన తనను తాను అడగలేదు కూడా. "తెలీదమ్మా. కథ ఆడికే అయిపోతాది."

"అయిపోతాదంటే ఎట్ల? గోతిలోనుంచి తీసి చేన్లో ఇడ్సిపెట్టి పోతావా? నేను వాని కోసరం ఎంత ఏడిసినా." ఆమె కొంగుతో మొహం తుడుచుకుని గొర్రెలను అదిలించింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "రేపు ఈ పొద్దుకు ఈడనే మేపుతాంటా. యాడికి పోయినాడో, ఏమి తిన్యాడో అంతా తెలుసుకోని రా. ఊరికే వచ్చినావంటే చూడు" అని చేతిలో కర్ర పైకెత్తింది.

తిప్పేస్వామికి గడువు పెట్టిన సంపాదకులు చాలామందే ఉన్నారు గానీ, కర్ర చూపించి పెట్టింది ఈమె ఒక్కతే.